నేను కుట్టని కాజాలు

పోయిన వారం కథలో మిమ్మల్ని వంతెన మెట్ల దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయాను. వారం రోజులుగా అక్కడే నిలబడి కాళ్ళు పీకుతుంటాయి కాబట్టి ముందు మిమ్మల్ని కిందికి దింపుతాను.

మాది దర్జీ సంసారం. మా ఆయన కత్తిరిస్తాడు, కుడతాడు. నేను కాజాలు కుడతాను, బొత్తాలు వేస్తాను. పెళ్ళయి పదిహేనేళ్ళు. రైలెక్కితే ఐదు గంటల్లో చేరే మహానగరాన్ని మా ఇంట్లో ఎవ్వరం చూడలేదు. ఏటా అడగడం మా వంతు, ఏటా ఏదో ఒక సాకు చెప్పడం ఆయన వంతు. అలాంటి మనిషి ఈసారి ఎవరూ అడక్కుండానే, ఈ శనివారం పొద్దున వెళ్దాం, రెండు రోజులు ఊరంతా చూసి ఆదివారం సాయంత్రం బండెక్కుదాం అన్నాడు. పిల్లలు ఎగిరి గంతేశారు. నేను మాత్రం సూదిలో దారం ఎక్కిస్తున్నదాన్ని అలాగే ఉండిపోయాను. అడిగినన్నాళ్ళూ ససేమిరా అన్న మొగుడు తనంతట తాను సరేనంటే నాకు సంతోషం కంటే ముందు అనుమానం వస్తుంది. నా బుద్ధే అంత.

బుధవారం సాయంత్రం ఆయన కటింగు కాగితం బల్ల మీద పరిచి, సుద్దతో ఊరంతా గీసి చూపించాడు. ఇది స్టేషను, ఇది మనం దిగే చోటు, ఇది నది, ఇది వంతెన. "వంతెనకి ఎడమవైపు మెట్లు ఎక్కండి. కుడివైపు ఏడో మెట్టు విరిగింది" అన్నాడు. పక్కనే పెన్సిలు కొరుకుతున్న మా పెద్దది తలెత్తి, "నువ్వు ఆ ఊరు ఎప్పుడూ వెళ్ళలేదన్నావు కదా నాన్నా?" అని అడిగింది. ఆయన చేతిలో సుద్ద పుటుక్కున విరిగింది. మనం ఆగింది అక్కడే.

దానికి ఆయన చెప్పిన జవాబు ఎవరో చెప్పార్లే అని. ఎవరో అంటే ఎవరు అని పెద్దది వదల్లేదు. షాపుకొచ్చేవాళ్ళలో ఎవరో అని గొణిగి కాగితం తీసుకెళ్ళి గోడకి అతికించేశాడు. నాకు ఆ మాట మింగుడు పడలేదు. వంతెన చూసొచ్చినవాడు వంతెన బాగుందంటాడు, నది బాగుందంటాడు. ఏడో మెట్టు గురించి ఎవడు చెబుతాడు? దాని మీద కాలు మెలిపడ్డవాడు చెబుతాడు. ఆరు నెలల కిందట మా ఆయన బట్టల మిల్లుకని వెళ్ళి కుంటుకుంటూ తిరిగొచ్చాడు. ఆ కాలికి నాలుగు రోజులు కాపడం పెట్టింది నేనే.

గురువారం పొద్దున పిల్లలు బడికి తయారవుతున్నారు. మా పెద్దదానికి పన్నెండేళ్ళు. ఇంట్లో దాన్ని లాయరనే పిలుస్తాం. నోరు జారి ఒక మాట అన్నామా, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు అని ఆరా తీస్తుంది. చిన్నదానికి ఏడేళ్ళు. దానికి నగరమంటే ఒకటే, తమంతట తామే పైకి వెళ్ళే మెట్లు. అవి ఉంటే చాలు, మిగతా ఊరు లేకపోయినా దానికి అభ్యంతరం లేదు.

లాయరు బూట్ల లేసులు కట్టుకుంటూ గోడ మీది కాగితం చూపించి, ఇందులో రెండు చోట్ల అతకడం లేదమ్మా అంది. ఒకటి కోట్లు. చలి వెళ్ళిపోయి నెల దాటింది, ఊరంతా చొక్కాలతో తిరుగుతోంది. అయినా నాన్న 'ఆదివారం అందరూ కోట్లు వేసుకోవాలి' అని రాసి దాని కింద రెండు గీతలు గీశాడు. రెండోది కూడా ఆదివారమే. పొద్దున పది నుంచి పన్నెండు దాకా మేం ముగ్గురం మ్యూజియం చూడాలట. ఆయన మాత్రం మమ్మల్ని గుమ్మం దగ్గర దింపి, టోకు బజారుకెళ్ళి బొత్తాలు కొనుక్కొస్తాడట.

"ఆదివారం టోకు బజారు తియ్యరు కదమ్మా" అంది.

తియ్యకపోతే ఇంకెక్కడో కొంటారు, నీకెందుకే, బడికి టైమవుతోంది అని గదమాయించి ఇద్దర్నీ పంపేశాను. పంపేశానే కానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. మా షాపుకి బొత్తాలు కొనేది నేను. పదిహేనేళ్ళలో ఆయన ఒక్క బొత్తం కొన్న పాపాన పోలేదు. రెండు రంధ్రాల బొత్తానికీ నాలుగు రంధ్రాల బొత్తానికీ తేడా ఏమిటని అడిగితే, రెండు రంధ్రాలు అంటాడు.

ఇక దాచడమెందుకు, నా మనసులో ఏముందో చెప్పేస్తాను. ఇంకో ఆడది ఉందనుకున్నాను. ఒకప్పుడు ఆయన మిల్లుకి ఏడాదికోసారి వెళ్ళేవాడు. మూడేళ్ళ నుంచి మూణ్ణెల్లకోసారి వెళ్తున్నాడు. పోనీ షాపులో పని ఏమన్నా నాలుగింతలు అయిందా అంటే, లేదు. ఒక రాత్రి అక్కడే ఉండిపోయి మర్నాడు వస్తాడు. వెళ్ళేముందు రోజు గుర్తుపెట్టుకుని క్షవరం చేయించుకుంటాడు. మిల్లు గుమాస్తా కోసం క్షవరం చేయించుకున్న మగాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు ఆ మనిషిని కలవడానికి నన్నూ పిల్లల్నీ అడ్డం పెట్టుకుని వెళ్తున్నాడన్నమాట. మేం మ్యూజియంలో బొమ్మలు చూస్తూ ఉంటాం, ఆయన రెండు గంటలు ఎక్కడో కులాసాగా గడిపి, జేబులో నాలుగు బొత్తాలు వేసుకుని వస్తాడు. ఇలా అనుకునేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పదింటికి ఆయన టికెట్ల కోసం స్టేషనుకి వెళ్ళాడు. మామగారు వెనక గదిలో రేడియో పెట్టుకుని కూర్చున్నారు. ఈ షాపు పెట్టింది ఆయనే. నలభై ఏళ్ళు కత్తెర పట్టారు. ఇప్పుడు కళ్ళకి పొర కమ్మి మనుషులు నీడల్లా కనిపిస్తారు కానీ, బట్ట చేతికిస్తే చాలు, తడిమి చూసి అందులో ఉన్ని ఎంతో, నూలు ఎంతో చెప్పేస్తారు. మాట మాత్రం మహా పొదుపు. ప్రయాణం సంగతి చెప్పినప్పుడు మీరు వెళ్ళిరండి, నేను రాను అన్నారు, అంతే. మా ఆయన పదేళ్ళవాడిగా ఉన్నప్పుడే అత్తగారు జబ్బు చేసి పోయారని పెళ్ళికి ముందే నాతో చెప్పారు. ఆవిడ ఫొటో ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఎప్పుడన్నా ఆ ప్రస్తావన వస్తే మామగారు రేడియో పెద్దది చేస్తారు.

షాపంటే మా ఇంటి ముందు గదే. తలుపు దగ్గరగా వేసి వెతకడం మొదలుపెట్టాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. ఉత్తరమో, ఫొటోనో, జుట్టు పిన్నో, ఏదో ఒకటి. ఆయన ఏదైనా దాచాలంటే నా చెయ్యి పడని చోట దాచాలి. ఆ గదిలో నా చెయ్యి పడని చోటు ఒక్కటే, పై అరలో కాలర్లకి వేసే గట్టి గుడ్డ చుట్టలు. ఆ పని పూర్తిగా ఆయనది. స్టూలు వేసుకుని ఎక్కి, చుట్టల వెనక్కి చెయ్యి పెడితే కాగితం తగిలింది. వార్తాపత్రికలో చుట్టి, తెల్ల దారంతో నాలుగు వైపులా కట్టిన పొట్లం. దించి, ఇస్త్రీ బల్ల మీద పెట్టి విప్పాను.

కోటు. బూడిదరంగు ఉన్నితో కుట్టిన ఆడవాళ్ళ కోటు. పనితనం ఎలా ఉందంటే, ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఆయన ఇంత శ్రద్ధగా జేబురుమాలు కూడా కుట్టలేదు. కాలరు కూర్చున్న తీరు, చేతులు పడిన తీరు వంక పెట్టడానికి లేదు. తిప్పి చూస్తే లోపల ముదురు నీలం పట్టు లైనింగు. ఆ పట్టు కోసం రెండేళ్ళ కిందట నేను అడిగాను. అయిపోయిందన్నాడు. అయిపోలేదని ఇప్పుడు తెలిసింది.

అప్పుడు కాజాలు చూశాను. ఆరు ఉన్నాయి. కాజా పడే బట్ట ఏదైనా నా చేతిలో పడకుండా మా గుమ్మం దాటదు. ఊళ్ళో తిరిగే ప్రతి కోటు మీదా నా వేళ్ళ పని ఉంటుంది. ఈ ఆరూ నేను కుట్టినవి కావు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అంచు కుట్టు పళ్ళూడిన దువ్వెనలా ఉంది. మూడోదాన్ని విప్పి మళ్ళీ కుట్టిన గుర్తులున్నాయి. ఐదోదాని పక్కన గోధుమరంగు మరక, సూది గుచ్చుకుని రక్తం చిందింది. ఆ చేతి తీరు నాకు తెలియనిదా? పెళ్ళయిన కొత్తలో నాకు నేర్పుతానని కూర్చుని మా ఆయన కుట్టిన కాజా అచ్చం ఇలాగే ఏడ్చింది. ఆ పూటే సూది నా చేతిలో పెట్టేసి, నువ్వే కుట్టు తల్లీ అన్నాడు.

నాకు తెలియకూడదని ఒక మనిషి వేళ్ళు పొడుచుకుంటూ, విప్పుకుంటూ, మళ్ళీ కుట్టుకుంటూ ఆరు కాజాలు వేశాడు. ఎంత ప్రేముంటే ఇంత తిప్పలు పడతాడు? కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. స్టూలు మీద కూలబడి కాసేపు ఏడ్చాను.

ఏడ్చాక టేపు తీశాను. దర్జీ పెళ్ళాన్ని, సవతిని చూడకుండానే కొలిచేయగలను. పొట్టి మనిషి. నడుం దగ్గర బాగానే వెడల్పు. వీపు కాస్త వంగింది, అందుకే ముందు భాగం కంటే వెనక భాగం ఎక్కువ పొడుగు పెట్టాడు. మొత్తానికి పడుచుపిల్ల కాదు. నిజం చెప్పొద్దూ, ఆ సంగతి కాస్త ఊరటగానే అనిపించింది. తర్వాత భుజాలు నొక్కి చూశాను. కుడి భుజంలో మామూలు మెత్త ఉంది. ఎడమ భుజంలో మెత్త ఇంకో అరంగుళం మందంగా తగిలింది.

ఒక భుజం జారి ఉన్నవాళ్ళకి కోటు వంకరగా పడకుండా ఆ వైపు దూది ఎక్కువ పెడతారు. మా ఊళ్ళో అలాంటివాళ్ళు ఇద్దరున్నారు. సంచి మోసి మోసి భుజం జారిన పోస్టుమాను ఒకరు, బడి గంట కొట్టే ముసలాయన ఇంకొకరు. ఇద్దరూ మగాళ్ళు, ఇద్దరిదీ కుడి భుజమే. ఎడమ భుజం జారిన ఆడమనిషి ఎవరా అని ఆలోచిస్తూ ఉంటే నేను వేసుకునే కోటే గుర్తొచ్చింది.

మా పెళ్ళయిన మొదటి చలికాలం మా ఆయన వాళ్ళమ్మ పాత కోటుని నాకు సరిచేసి ఇచ్చాడు. ఎడమ భుజంలో ఎక్కువగా ఉన్న దూదిని విప్పి తీసింది నేనే. ఇదేమిటండీ అంటే, అమ్మకి ఆ భుజం కిందికి ఉండేది అన్నాడు. ఆ కోటు ఇప్పటికీ వేసుకుంటున్నాను. కొక్కెం నుంచి తెచ్చి కొత్తదాని పక్కన పరిచాను. పాత కుట్టు గుర్తులు లోపల కనిపిస్తూనే ఉంటాయి. మెడ ఒకటే. చేతుల పొడుగు ఒకటే. వీపు వెడల్పు ఒకటే. కొత్తదాని ఎత్తు మాత్రం రెండంగుళాలు తక్కువ, నడుం మూడంగుళాలు ఎక్కువ. మనిషికి వయసు మీద పడితే ఎలా మారుతుందో సరిగ్గా అలా ఉంది. చచ్చిపోయినవాళ్ళకి నడుం పెరగదు.

నేనింకా ఆ రెండు కోట్ల ముందే నిలబడి ఉండగా మా ఆయన వచ్చాడు. నాలుగు టికెట్లు దొరికాయని, చిన్నదానికి కిటికీ పక్క సీటని హుషారుగా చెబుతూ లోపలికి అడుగుపెట్టి, బల్ల మీద ఏముందో చూసి తేలు కుట్టిన దొంగలా ఆగిపోయాడు. టికెట్లు నెమ్మదిగా చొక్కా జేబులోకి వెళ్ళాయి.

ఎవరిదండీ ఇది అని అడిగాను. కస్టమరుది అన్నాడు. కొలతల పుస్తకంలో పేజీ చూపించండి అన్నాను. పుస్తకంలో రాయడం మరిచిపోయానన్నాడు. సరే, కాజాలు ఎవరు కుట్టారు అన్నాను. నీకు పని ఎక్కువగా ఉందని బయట ఇచ్చానన్నాడు.

"ఇంత దరిద్రంగా కాజాలు కుట్టేవాళ్ళు బయట బతకలేరండీ" అన్నాను.

నేను ఆయన చెయ్యి పట్టుకుని పాత కోటు భుజం మీద పెట్టాను, తర్వాత కొత్త కోటు భుజం మీద పెట్టాను. 

"అమ్మది" అన్నాడు.

"పోయినావిడకి కోటెందుకు?"

"పోలేదు" అన్నాడు. అని, పిల్లాడిలా అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

తర్వాత ఆయన చెప్పిందంతా నేను ఇస్త్రీ బల్లని పట్టుకుని నిలబడే విన్నాను. మూడేళ్ళ కిందట మందుల కంపెనీ ఏజెంటొకడు లైనింగు మార్చమని కోటు ఇచ్చాడట. కొక్కేనికి తగిలించడానికి కాలరు వెనక లూపు ఉంటుంది చూడండి, అది ఎప్పుడో తెగితే ఎవరో కుట్టారట. నాలుగు చుట్లు వేసి, ముడి బయటికి కనపడకుండా కాలరు లోపలికి తోసిన కుట్టు. అలా కుట్టే మనిషి ఆయనకి తెలిసి ప్రపంచంలో ఒక్కరే. చిన్నప్పుడు బళ్ళో కుర్రాళ్ళతో కొట్లాడి ఆయన లూపు తెంపుకొచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ అలాగే కుట్టేదట. ఏజెంటుని అడిగితే, నగరం మ్యూజియంలో లోపలికి వెళ్ళేముందు కోట్లు అప్పగించే కౌంటరు ఉంటుందని, అక్కడ ఒక పెద్దావిడ కోట్లు తీసుకుని ఇత్తడి టోకెన్లు ఇస్తుందని, లూపు తెగిన కోటు కనపడితే మనం బొమ్మలు చూసొచ్చేలోగా ఊరికే కుట్టి పెడుతుందని చెప్పాడట.

వారం తిరక్కుండా మా ఆయన మిల్లుకని చెప్పి మ్యూజియానికి వెళ్ళాడు. వరసలో నిలబడి కోటు ఇచ్చాడు. ఆవిడ టోకెను చేతిలో పెట్టబోతూ ముఖం చూసి ఆగిపోయిందట. వెనకవాళ్ళు తొందరపెడుతుంటే, "మూడో బొత్తం వదులైంది, చూసుకో" అందట. ఇరవై ఏడేళ్ళ తర్వాత తల్లి కొడుకుతో అన్న మొదటి మాట అది. నాకు కళ్ళు నిండాయి, కానీ ఆయనకి కనపడనివ్వలేదు. నేనింకా కోపంలోనే ఉన్నాను.

జబ్బు లేదు, చావు లేదు. ఆవిడ ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. పోయిందని ఊరంతటికీ చెప్పింది మామగారు. కొడుక్కీ అదే చెప్పారు. ఆవిడ మా ఆయన దగ్గర రెండు మాటలు తీసుకుందట. మీ నాన్నకి చెప్పొద్దు, నీ భార్యకి చెప్పొద్దు. ఇంట్లో ఇద్దరికి తెలిస్తే మూడోవారికి తెలియడం ఎంతసేపు అందట. అంతవరకూ ఆవిడ తెలివిని ఒప్పుకుంటాను.

మరి ఈ ప్రయాణం ఎందుకు అని అడిగాను. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. రెండు నెలల కిందట వెళ్ళినప్పుడు ఆవిడ మనవరాళ్ళని ఒక్కసారి చూస్తానందట. ఎవరికీ చెప్పక్కర్లేదు, ఏమీ అనక్కర్లేదు. ఆదివారం పదింటికి అందరితో పాటే వరసలో రానీ. కోట్లు వేసుకు రమ్మను. కోట్లు తీసుకునేది నేనే కదా. నువ్వు మాత్రం పక్కన ఉండకు, నీ ముఖం చూసి నీ పెళ్ళాం పసిగట్టేస్తుంది అందట. పన్నెండింటికి వెనక గుమ్మం దగ్గర మా ఆయన ఈ బూడిదరంగు కోటు ఆవిడకి ఇవ్వాలని ఏర్పాటు. ఆవిడ వేసుకునే కోటు కాగితంలా పలచబడిపోయిందట.

అదీ రెండు గీతల కథ. ఆవిడ చూడాలనుకుంటున్నది పిల్లల్ని. ఆవిడకి మిగిలేవి రెండు గంటల పాటు వాళ్ళ కోట్లు. నా చేతి కాజాలున్న కోట్లు. ఆవిడ వాటిని తడిమి చూసుకుంటూ కూర్చుంటుంది, మేం పైన పాత కుండలు చూస్తూ ఉంటాం. ఈ ఏర్పాటు చేసినవాళ్ళ మీద జాలిపడాలో చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు.

ఇంకో ఆడదైతే ఏం చేయాలో పొద్దుట్నుంచీ ఆలోచించి పెట్టుకున్నాను. అత్తగారైతే ఏం చేయాలో ఆలోచించలేదు. కానీ ఒకటి మాత్రం గుచ్చుకుంది. మూడేళ్ళు ఈయన నా పక్కనే కూర్చుని, నేను కాజాలు కుడుతూ ఉంటే, ఈ బరువంతా కుక్కిన పేనులా మోశాడు. నేను పరాయిదాన్నా? ఆ మాటే అడిగేశాను. పరాయిదానివి కాదు, మాటిచ్చాను అన్నాడు. మాటిచ్చినవారు అబద్ధాలు కూడా సరిగ్గా నేర్చుకోవలసింది అన్నాను. ఆదివారం బొత్తాలట.

ఆవిడ ఎందుకు వెళ్ళిపోయింది అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. అడిగినప్పుడల్లా మీ నాన్నని అడుగు అంటుందట. నాన్నని అడిగే ధైర్యం ఆయనకి మూడేళ్ళుగా లేదు.

"అయితే నా మాట కూడా వినండి" అన్నాను. "నేను కోటు ఇచ్చి, టోకెను పుచ్చుకుని, ఎవరో అన్నట్టు వెళ్ళిపోను. పిల్లల్ని ముందు నిలబెట్టి అత్తయ్యా అని పిలుస్తాను."

ఆయన గబుక్కున మధ్య తలుపు వైపు చూశాడు.

"పిలిస్తే మళ్ళీ వెళ్ళిపోతుంది. నీకు తెలీదు. ఈసారి వెతకడానికి నాకు లూపు కూడా దొరకదు" అన్నాడు.

ఇద్దరం అలా కోట్లకి అటొకరం ఇటొకరం నిలబడి ఉన్నాం. నేను పిలవకుండా ఉండలేను. పిలిస్తే ఆయన తల్లిని రెండోసారి పోగొట్టుకుంటాడేమో. ఆదివారానికి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి. ఏం చేస్తే బాగుంటుందా అని తల పట్టుకున్నప్పుడు గమనించాను, వెనక గదిలో రేడియో మోగడం లేదు. ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియదు.

మధ్య తలుపు తెరుచుకుంది. మామగారు చేతికర్రతో గడప తడుముకుంటూ వచ్చారు. మా ఆయన చటుక్కున కొత్త కోటు లాగబోయాడు కానీ, అప్పటికే పెద్దాయన చెయ్యి దాని మీద పడింది. నలభై ఏళ్ళ అలవాటు, బల్ల మీద బట్ట ఉంటే ఆయన చెయ్యి దాని మీదకే పోతుంది. మా ఆయన కళ్ళతోనే నన్ను బతిమాలుతున్నాడు, నోరెత్తొద్దని.

మామగారు కాలరు తడిమారు. అంచు మడిచి చూశారు. ముందువైపు వేళ్ళు జార్చుకుంటూ వచ్చి ఒక్కో కాజా దగ్గరా ఆగారు.

"ఇవి అమ్మాయి కుట్టినవి కావు" అన్నారు.

ఆయన చెయ్యి పైకి వెళ్ళింది. కుడి భుజం నొక్కారు. తర్వాత ఎడమ భుజం నొక్కి, బొటనవేలు మెత్త మీద అలాగే ఉంచేశారు. ముప్పై ఏళ్ళ కిందట పోయిందని తానే చెప్పిన మనిషి భుజం అది. ఇప్పుడు కూలిపోతారేమో, కోప్పడతారేమో, కర్ర ఎత్తుతారేమో అనుకున్నాను. ఆయన అవేమీ చేయలేదు.

"అరంగుళం పెట్టావు" అన్నారు కొడుకుతో, పని తప్పు దిద్దేటప్పుడు అనే గొంతుతోనే. "చాలదు. ముప్పావు పెట్టు. ఆ చెయ్యి ఇప్పుడు పైకి లేవట్లేదు."

అడగాల్సింది నేనే అయింది.

"మీకెలా తెలుసు మామగారూ?"

ఆయన జేబులో చెయ్యి పెట్టి ఏదో తీసి బల్ల మీద ఉంచారు. గుండ్రటి ఇత్తడి బిళ్ళ. మధ్యలో అంకె, చుట్టూ మ్యూజియం పేరు. కోటు తిరిగి తీసుకునేటప్పుడు అప్పగించేయాల్సిన టోకెను. అది ఇంకా ఈయన దగ్గరుందంటే కోటు ఇంకా అక్కడే ఉంది. నెలన్నర కిందట కళ్ళ పరీక్షకని, తోడెవరూ వద్దని ఒక్కరే వెళ్ళి, మర్నాడు తిరిగొచ్చి, నల్లకోటు రైల్లో మరిచిపోయానని చెప్పారు మామగారు. పెద్దవాళ్ళు కదా, మరిచిపోయి ఉంటారని పాపం మేమే ఓదార్చాం. ఈ ఇంట్లో అబద్ధం చెప్పని మనిషిని నేనొక్కదాన్నే అని ఆ క్షణంలో అర్థమైంది.

"నాన్నా" అన్నాడు మా ఆయన.

మామగారు ఆ వైపు తిరగలేదు. కోటుని రెండు భుజాలూ పట్టుకుని ఎత్తి, దులిపి, మళ్ళీ జాగ్రత్తగా పరిచారు.

"ఆదివారం ఆ కౌంటర్లో ఆవిడ ఉండదురా" అన్నారు. "శనివారం టికెట్లు వాపసు ఇచ్చెయ్యి. రేపు పొద్దుట బండికి తియ్యి. నాలుగు కాదు, ఐదు."